ఆరో ప్రశ్నకి అవును

మా ఊరి పేరు రాయను. రాస్తే మా లైనువాళ్లు నన్ను ఉండనివ్వరు. రాయగడకీ కోరాపుట్‌కీ మధ్య రైలు ఆగే ఊరు, దానికో మున్సిపాలిటీ ఉంది, అంతవరకు చాలు. నిరుడు వానాకాలం నాలుగు నెలలు నేను ఆ రెండు జిల్లాలూ తిరిగి ఒక జబ్బును లెక్కపెట్టే పని చేశాను. నా పేరు పైడితల్లి. పదో తరగతి పాసయ్యాను. తెలుగు ఇంట్లో వచ్చింది, ఒడియా బళ్లో వచ్చింది, దేశియా సంతలో వచ్చింది. ఆ మూడు భాషలు చూసే నాకు ఉద్యోగం ఇచ్చారు. నోటి దురుసు సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

జబ్బు పేరు అటాక్సియా. మెదడు వెనకవైపు చిన్న భాగం ఒకటి ఏళ్ల తరబడి కుంచించుకుపోతుందట. ముందు నడక తూలుతుంది. తర్వాత మాట ముద్దగా వస్తుంది. ఆ తర్వాత చెయ్యి గ్లాసును అందుకోబోయి పక్కకి పోతుంది. ఇంట్లో తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో సగంమందికి రావచ్చు. లక్షమందిలో ఎంతమందికి ఉందో తేల్చడమే మా పని.

ట్రైనింగు ఇచ్చింది సుభశ్రీ మేడమ్. భువనేశ్వర్ నుంచి వచ్చిన నరాల డాక్టరు. "నాకు కావలసింది ఒక సంఖ్య," అంది ఒడియాలో. "సంఖ్య వస్తే ఇక్కడ క్లినిక్ వస్తుంది. కసరత్తులు నేర్పే మనిషి వస్తాడు. వికలాంగుల సర్టిఫికెట్టు, పింఛను వస్తాయి. సంఖ్య లేకపోతే ఇక్కడ ఈ జబ్బే లేదంటారు." అని గోడ మీద వీడియో వేసింది. ఒక మగమనిషి కాళ్లు ఎడంగా వేసుకుని, గోడను తడుముకుంటూ వస్తున్నాడు. ముందురోజు సాయంత్రం మా అన్న శ్రీహరి ఇంటికి అలాగే వచ్చాడు. మా నాన్న కూడా అలాగే నడిచి నడిచి, ఒకరోజు కాలవలో పడి పోయాడు. ఊరంతా తాగి పడ్డాడనే అనుకుంది. అలా అనుకోవాలనే మేమూ కోరుకున్నాం.

మా లైనంటే మున్సిపాలిటీ స్వీపర్ల లైను. నలభై రెండిళ్లు. అందరమూ తాతల కాలంలో పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్లం, పిల్లనిచ్చి పుచ్చుకున్న చుట్టాలం. మా మగాళ్లకు కాలు తూలడం మొదలైతే "కాలు మాట వినటం లేదు" అంటాం. అప్పుడు వాళ్లు ఒక క్వార్టరు సీసా కొంటారు. తాగరు. పొద్దున్నే నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేస్తారు, నాలుగు చుక్కలు చొక్కా మీద చల్లుకుంటారు, పనికి వెళ్లిపోతారు. మురికికాలవలో దిగేవాడు తాగకుండా ఎలా దిగుతాడని ఆఫీసువాళ్ల లెక్క. తాగొస్తే బూతులు తిట్టి ఒక పూట హాజరు కొట్టేస్తారు. జబ్బంటే మాత్రం ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు తెమ్మంటారు, అది తేలేనివాడు మర్నాటి నుంచి రానక్కర్లేదు. ఇక ఆడవాళ్లకు వస్తే సీసా కూడా లేదు. గాలి సోకిందని వెనకగదిలో కూర్చోబెడతారు.

నాకు ట్యాబ్ ఒకటి, పదడుగుల తెల్ల తాడు ఒకటి ఇచ్చారు. తాడు నేల మీద పరిచి మడమకి కాలివేలు తగిలేలా నడవమనాలి. ముక్కు ముట్టుకోమనాలి. ఎనిమిది ప్రశ్నలు అడగాలి. ఆరోది, రోజూ తాగుతాడా అని. సారా కూడా మెదడులో అదే భాగాన్ని పాడుచేస్తుంది కాబట్టి రోజూ తాగేవాడిని లెక్కలోకి తీసుకోరు. ఆరో ప్రశ్నకి "అవును" నొక్కామంటే చాలు, మిగతా ప్రశ్నలు మూసుకుపోయి ట్యాబ్ పక్కింటికి వెళ్లిపోతుంది.

మొదటి మనిషి నాకు లక్ష్మీపూర్ సంతలో దొరికాడు. మనోరంజన్ అని, అల్లం అమ్ముతాడు. తాసు పట్టుకున్న చెయ్యి ఊగుతుంటే జనం మోసం చేస్తున్నాడని తగువు పడుతున్నారు. తాడు మీద మూడో అడుగుకే పక్కకి పడిపోయాడు. చుక్క తాగడు. మర్నాడు మేడమ్ జీపులో వచ్చి రెండు గంటలు పరీక్ష చేసి, బయటికొచ్చి నా భుజం తట్టింది. "ఒకటి, పైడితల్లీ! మనకి ఒకటి దొరికింది!" అని అందరికీ టీ ఇప్పించింది. నేనూ నవ్వుతూ తాగాను. సిగ్గులేనిదాన్ని.

మూడు వారాల తర్వాత మళ్లీ అటు వెళితే అతని చోట్లో వేరేవాళ్లు ఉల్లిపాయలు అమ్ముతున్నారు. అతని భార్య సంత బయట, బురదలో గోనె పరుచుకుని కూర్చుంది. డాక్టరు జీపు ఇంటికొచ్చిందనగానే అంటుకునే రోగమని పుకారు లేచిందట. ఆ చేత్తో తూచిన అల్లం ఎవరూ కొనలేదట. మనిషిని ఇంట్లో పెట్టి గొళ్లెం వేసి వచ్చానంది. "నువ్వే కదూ తాడు పరిచింది?" అంది దేశియాలో. మేడమ్ చెప్పిన క్లినిక్ గురించి చెప్పబోయాను. ఆవిడ ముఖం తిప్పేసుకుంది.

భాద్రపదంలో మా లైను వంతు వచ్చింది. ముందురోజు సాయంత్రం మా అన్న వసారాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మున్సిపాలిటీ చెత్త ట్రాక్టరు నడుపుతాడు. నాకన్నా మూడేళ్లు పెద్ద, హరిప్రియ అని ఒక కూతురు.

"రేపు మన లైను కాదేటి?" అన్నాడు.

"ఔను."

"ఏటి రాత్తావు?"

"ఉన్నదే రాత్తాను. లెక్క తేల్తే క్లినిక్కు వత్తాది, పింఛను వత్తాది అన్నియ్యా. మేడమ్ సెప్పింది."

"ఎప్పుడొత్తాది?"

"రెండేల్లు పడతాదంతన్నారు."

లోపల్నుంచి మా వదిన అమ్మడు చేటతో సహా బయటికొచ్చింది. "ఆ రెండేల్లూ నీ మేడమ్మొచ్చి మాకు గంజి కాసి పోత్తాదేటి? సెప్పమ్మీ, పోత్తాదా?"

వదినతో నేను ఎప్పుడూ మాటకి మాట అనే మనిషిని. ఆరోజు తెల్ల తాడు విప్పి మళ్లీ చుట్టడం మొదలెట్టాను. అంతలో సన్యాసయ్య తాత వచ్చాడు. మా లైనుకు పెద్ద, జమాదారుగా రిటైరైనవాడు. రెండు కర్రలు పట్టుకుని నడుస్తాడు. కర్ర అవసరం వచ్చేనాటికి రిటైరయ్యాడు గనక బతికిపోయాడు.

"అమ్మీ," అన్నాడు ముద్దముద్దగా, "మీ అయ్య తాగుబోతుగానే పోయేడు. పేరు పోతే పోనాది, ఉద్యోగం నీ అన్నకొచ్చింది. జబ్బు మనిసని ముందే తీసేసుంటే మీరేటి తిందురు? కాలు మాట ఇననోల్లు తొమ్మండుగురున్నారు మన లైన్లో. ఒక్కడి మీద రాసినా తొమ్మండుగుర్నీ తాడెక్కిత్తారు."

"ట్రాక్టరు తాతా! ఈడు తోసే బండి కాదది. ఎవులి మీదకన్నా ఎక్కిత్తే?" అన్నాను.

"ఫస్టు గేరు దాటను," అన్నాడు అన్న. "నీ మీద ఒట్టు."

మనోరంజన్ భార్య ముఖం నా కళ్ల ముందు నుంచి పోలేదు. అందుకే ఒప్పుకున్నాను అని చెప్పుకుంటాను గానీ, అదొక్కటే కాదు. మా అన్న నా ముందు అలా బతిమాలుతుంటే చూడలేకపోయాను.

మర్నాడు ఏ గుమ్మంలోకి వెళ్లినా ఖాళీ సీసా ఒకటి కనబడేలా పెట్టి ఉంది. నేను ఆరో ప్రశ్న అడిగినట్టు పెదాలు కదిపి "అవును" నొక్కుకుంటూ పోయాను. తొమ్మిదిమంది అయ్యారు. చివరిల్లు పుణ్యవతిది. ఆమె ట్రాక్టరు వెనక నడుస్తూ తట్టలతో చెత్త ఎత్తుతుంది. లైనంతటికీ నవ్వులాటల మనిషి, నన్ను ఎప్పుడూ "ఏటే కలెక్టరూ" అని పిలిచేది. ఆమె కొడుకు హరీష్‌కి ఇరవై నాలుగేళ్లు, రోజుకూలీ మీద అదే మున్సిపాలిటీలో చేస్తున్నాడు. వాడికేమీ ఉండదనుకుని తాడు పరిచాను. ఏడో అడుగు దగ్గర వాడి కాలు పక్కకి జారింది. నవ్వి మళ్లీ మొదలెట్టాడు. మళ్లీ ఏడో అడుగు దగ్గరే.

పుణ్యవతి నవ్వలేదు. లోపలికెళ్లి, భర్త ఉన్నప్పటి పాత సీసా ఒకటి వెతికి తెచ్చి, చీర కొంగుతో దుమ్ము తుడిచి గుమ్మం మీద పెట్టింది.

"రాసుకో," అంది.

పదోసారి నొక్కాను. మా లైను మొత్తం గంటన్నరలో అయిపోయింది.

పన్నెండో రోజు పొద్దున్న డంపింగ్ యార్డులో మా అన్న ట్రాక్టరు వెనక్కి తీస్తున్నాడు. పుణ్యవతి వెనక తట్ట దించుతోంది. బ్రేకు కోసం వేసిన కాలు పక్కనున్న యాక్సిలరేటరు మీద పడింది. ఫస్టు గేరు దాటనని నా మీద ఒట్టు వేశాడు. రివర్సు సంగతి మేమెవరమూ అనుకోలేదు.

పుణ్యవతి ఎడమకాలు విశాఖపట్నం పెద్దాసుపత్రిలో మోకాలి కింద నుంచి తీసేశారు. అన్నను పోలీసులు గొట్టంలో ఊదమన్నారు. ఆ పొద్దున్న పుక్కిలించిన వాసన ఇంకా నోట్లోనే ఉంది. మెషీన్ కూసింది. తాగి నడిపాడని కేసు రాసి సబ్‌జైలుకి పంపేశారు.

మూడు వారాలు బెయిలు కోసం తిరిగి, చివరికి నేను రాయగడ పరుగెత్తాను. సుభశ్రీ మేడమ్ ఒక లాడ్జిలో దిగి లెక్కలు చూసుకుంటోంది. కాళ్ల మీద పడినంత పని చేశాను. "మా అన్న తాగడు మేడమ్. నేను అబద్ధం నొక్కాను. ఒక్కడిది కాదు, పదిమందివి."

"పదిమందా?" అంది. లేచినావిడ మళ్లీ కుర్చీలో కూర్చుంది. "రెండు జిల్లాలూ తిరిగితే నాకు దొరికింది ఏడుగురు. ఒక్క వీధిలో పదిమందిని నువ్వు చెరిపేశావా? నీకు ఈ పని ఎందుకిచ్చాను?" ఇంకా చాలా అంది. అన్నీ నాకు తగిన మాటలే. తిట్టి తిట్టి అలిసిపోయాక కాగితం తీసి రాసిచ్చింది. "మీ అన్నని దీని మీద సంతకం చెయ్యమను. జైలుకే వచ్చి చూస్తాను. ఆయనది జబ్బని కోర్టుకి నేనే చెప్తాను. మీ వీధి కూడా మళ్లీ లెక్కపెడదాం. సోమవారంతో నా జాబితా మూసేస్తారు, ఆలోగా రావాలి. సంతకం లేకుండా మాత్రం నేను ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యను."

జైల్లో అన్న నా దగ్గరికి గోడ పట్టుకుని వచ్చాడు. తలుపు దగ్గరున్న పోలీసు పక్కవాడితో నవ్వుతున్నాడు. "ఇరవై రోజులైంది లోపలికొచ్చి. వీడికింకా దిగలేదు చూడు."

కాగితం ఊచల్లోంచి ఇచ్చాను. "సంతకం పెట్టన్నియ్యా. తాగుబోతువి కాదు, జబ్బు మనిసివని మేడమ్ రాత్తాది."

"రాత్తే?"

"బయటికొత్తావు."

"బయటికొచ్చి ఏటి సేత్తాను? కాలు రాదని తెలిసీ బండెందుకెక్కేవంతారు. మనోలందర్నీ ఆఫీసు ముందు వరస కట్టించి నడిపిత్తారు. మన లైనుకి మల్లీ ఉద్యోగం ఎవుడిత్తాడు?" ఆ మాటలు పూర్తిచేయడానికి వాడికి ఎంతసేపు పట్టిందో. నాలుక తిరగడం లేదు.

"పుణ్యవతి కాలు పోనాదిరా!" అన్నాను. జీవితంలో మొదటిసారి అన్నను "రా" అన్నాను. "నువ్వు తాగలేదని నాకు తెల్సు, నీకు తెల్సు, దానికీ తెల్సు!"

"తెల్సు గనకే ఊరుకుంది. దానికీ కొడుకున్నాడు." కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "హరిప్రియకి తొమ్మిదేల్లు. తాగుబోతు కూతురంతే అననీ, అది పెద్దయితే ఆ మాట మర్సిపోతారు. ఈ జబ్బోడి కూతురంతే ఇంక దాన్నే సూత్తుంటారు, ఎప్పుడు తూల్తాదా అని. అది సుకంగా నాలుగడుగులెయ్యగల్దేటి?"

నేను ఏడ్చాను. వాడు ఏడవలేదు. "ఒదినకి సెప్పు, నాకు బీడీలు పంపొద్దని. మానేసేను," అన్నాడు. నాకు నవ్వాలో చావాలో తెలియలేదు.

సోమవారం మున్సిపాలిటీలో ఆ ప్రమాదం మీద విచారణ. మేడమ్ పొద్దున్నే ఫోన్ చేసింది. "సంతకం లేకపోయినా ఫరవాలేదు, పరీక్ష సంగతి తర్వాత చూద్దాం. నువ్వు నిజం చెప్పు. నువ్వు చెప్పావని ఫోన్ వస్తే రెండు గంటల్లో నేనక్కడుంటాను. మిగతాది నేను చూసుకుంటాను." సరేనన్నాను. నిజంగానే చెప్పాలనుకునే వెళ్లాను. ఈ ముక్క ఎవరు నమ్మినా నమ్మకపోయినా నాకు ఒకటే.

లోపలికి వెళ్లేసరికి మా లైనువాళ్లు ముందే వచ్చి ఉన్నారు. తొమ్మండుగురిలో ఉద్యోగాల్లో ఉన్న ఏడుగురూ గోడకి వీపులు ఆనించి వరసగా నిలబడ్డారు. గోడ ఉంటే తూలినట్టు కనబడదు. పుణ్యవతిని ఆటోలో తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టారు. సగం కాలు మీద చీర కప్పుకుని ఉంది. ఆఫీసరు ముందు ఆమెనే అడిగాడు, ఆరోజు శ్రీహరి ఎలా ఉన్నాడని.

"తాగేడు బావూ," అంది. "వాసన నాకు తగిలింది. రోజూ తాగుతాడు."

నా వైపు చూడలేదు. దాన్ని లాక్కెళ్లి, ఇంకో కాలు కూడా ఇచ్చేసే రకానివే నువ్వు, అని అరవాలనిపించింది.

ఆఫీసరు నన్ను చూశాడు. "ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం లెక్క రాసింది నువ్వే కదా? మీ అన్న గురించి నీ లెక్కలో ఏముంది?"

గోడ దగ్గర ఎవరిదో కాలు నేల మీద జర్రున జారింది. వెంటనే సర్దుకున్నాడు. ఎవరని నేను తలెత్తి చూడలేదు. హరిప్రియ మా వదిన పక్కన గుమ్మంలో నిలబడి ఉంది, బడి యూనిఫాంలో, రెండు కాళ్లూ దగ్గరగా పెట్టుకుని.

"రోజూ తాగుతాడని రాశాను సార్."

"నిజమేనా?"

"నిజమే సార్."

ఆ మాట కాగితం మీద రాసి, కిందనే నా చేత సంతకం చేయించుకున్నారు. అన్నను ఉద్యోగంలోంచి తీసేశారు. తాగి ప్రమాదం చేసినవాడి తప్పు వాడిదే గనక పుణ్యవతికి మున్సిపాలిటీ ఇచ్చేదేమీ లేదన్నారు. ఆమె తలాడించింది.

మధ్యాహ్నం మేడమ్‌కి నేనే ఫోన్ చేశాను. "రావద్దు మేడమ్. అన్న మీద ప్రేమకొద్దీ మీకు అబద్ధం చెప్పాను. వాళ్లంతా తాగుబోతులే."

"పదిమందీనా?"

"పదిమందీ."

"నువ్వు నాకు ఎప్పుడు అబద్ధం చెప్పావో నాకు తెలుసు పైడితల్లీ," అంది. "కానీ దాంతో నేను ఏమీ చెయ్యలేను. మీ ఊరికి సున్నా వేస్తున్నాను. క్లినిక్ బిస్సమ్ కటక్ దగ్గర అడుగుతాను." పెట్టేసింది. నన్ను మళ్లీ పనికి పిలవలేదు.

సాయంత్రం పుణ్యవతిని ఆటోలోంచి దింపడానికి వెళ్లాను. వెళ్లకూడదనే అనుకున్నాను, కాళ్లు లాక్కెళ్లాయి. హరీష్ ఒకపక్క, నేనొకపక్క పట్టుకుని గుమ్మంలో కూర్చోబెట్టాం. దసరా దగ్గరకొచ్చింది, బజారంతా చెత్త పేరుకుపోయింది, లైసెన్సు ఉన్నవాడు లైన్లో హరీష్ ఒక్కడే. ట్రాక్టరు తాళం వాడికే ఇచ్చారు. రేపటి నుంచి ఆరింటికి రావాలట. పర్మనెంటు కూడా చూస్తామన్నారట.

"ఆ తాళం ఎనక్కిచ్చీరా," అన్నాను.

"ఎందుకిత్తాడు?" అంది పుణ్యవతి. "నా కాలితో వచ్చిన ఉద్యోగమది."

హరీష్ మెట్టు దిగబోయి తలుపు పట్టుకుని ఆగాడు. కాసేపు నా ముఖంలోకి చూసి, సిగ్గుపడుతూ గొంతు తగ్గించాడు.

"అప్పా, నాకు ఈటి సంగతులు తెలీవు. నిజంగా ఎప్పుడూ ముట్టుకోలేదు. శ్రీహరన్న ఏది కొనేవోడు? వాసన మద్దేనం దాకా నిలవాల."

నేను పుణ్యవతి వైపు చూశాను. ఆమె నా కళ్లలోకే చూస్తోంది. పొద్దుటి నుంచి చూడని మనిషి ఇప్పుడు చూస్తోంది.

"సెప్పమ్మీ బేగి," అంది. "షాపు కట్టేత్తాడు."

చెప్పాను.